అమ్మానాన్నల 50 ఏళ్ళ పెళ్ళిరోజుకి ఇంటిపనుల మీద నవ్వించే ప్రోగ్రామ్ కావాలి, ఐడియాలు చెప్పండి

మాంబళం అమ్మాయి:
అందరికీ నమస్తే. వచ్చే నెలతో మా అమ్మానాన్నల పెళ్ళయి 50 ఏళ్ళు నిండుతాయి. 1976 మేలో కావలిలో పెళ్ళి, ఎమర్జెన్సీ రోజులు. "అందుకే నాకు మొదటి రోజు నుంచీ నోరు లేదు" అని నాన్న ఇంటికెవరొచ్చినా చెప్తారు. "ఎమర్జెన్సీ 1977 మార్చిలో ఎత్తేశారు, ఆ తర్వాత ఈయన నోటికి ఎవరు తాళం వేశారో అడగండి" అని వంటింట్లోంచి అమ్మ. ఇది మా ఇంటి సుప్రభాతం అనుకోండి.

పెళ్ళయిన నెలకే మద్రాసు వచ్చి వెస్ట్ మాంబళంలో ఒక పోర్షన్‌లో దిగారు, ఇప్పుడు అదే పేటలో ఫ్లాట్. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. టీ నగర్‌లో ఒక మినీ హాలు మాట్లాడాం, అరవై మంది దాకా వస్తారు. దండలు, కేకు, ఫోటోలు ఎలాగూ ఉంటాయి, అవయ్యాక ఒక అరగంట మైకు పట్టుకుని ఏదైనా చెయ్యాలని నాకూ తమ్ముడికీ ఉంది. వాళ్ళిద్దరి గురించి చెప్పాలంటే ఇంటిపనుల గురించే చెప్పాలి, మా ఇంట్లో గొడవలన్నీ, నవ్వులన్నీ అక్కడే. నాన్నగారి చేతిలో ఉన్నవి నీళ్ళ మోటారు, తెల్లారగానే ఆవిన్ పాల ప్యాకెట్లు, పాత పేపర్లు కట్టగట్టి అమ్మడం. మోటారు వేసి ట్యాంకు నిండేదాకా బాల్కనీలో కాపలా ఉంటారు, అయినా పొర్లిన చప్పుడు ముందు వినేది అమ్మే. మిగతావన్నీ అమ్మవి. వంట, బట్టలు, పిండి రుబ్బడం, పనమ్మాయి రాని రోజు అంట్లు, నాన్న బీపీ మాత్రలు, ఎవరింట్లో శుభకార్యానికి ఎంత చదివించాలో, అన్నీ.

బాగా నవ్వించాలి. కానీ నవ్వులన్నీ అయ్యాక అమ్మ ముఖం చిన్నబోకూడదు. ఏం చేస్తే బావుంటుంది?

డికాషన్ బాబాయి:
శుభం తల్లీ. నన్నడిగితే హాలూ మైకూ తర్వాత, ముందు ఇద్దర్నీ తిరుక్కడయూరు తీసుకెళ్ళు. అమృతఘటేశ్వరుడు, అభిరామి అమ్మవారు, మార్కండేయుణ్ణి యముడి పాశం నుంచి కాపాడిన క్షేత్రం. మద్రాసు నుంచి రాత్రి రైలెక్కి మయిలాడుతురైలో దిగితే అక్కణ్ణుంచి దగ్గరే.

ఇక ఇంటిపనులంటావా, మగవాళ్ళందర్నీ ఒకే గాట కట్టెయ్యకండి. పెళ్ళయినప్పట్నుంచీ మా ఇంట్లో డికాషన్ నాది. రాత్రి పడుకోబోయే ముందు ఇత్తడి ఫిల్టర్ పై గిన్నెలో పొడి వేసి, కాడ ఉన్న పలకతో మెత్తగా అదమాలి. గట్టిగా అదిమితే తెల్లారినా దిగదు, వదులుగా వదిలేస్తే క్షణంలో నీళ్ళలా దిగిపోతుంది. మరిగే నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించకుండా అంచు వెంట తిప్పుతూ పోసి, మూత పెట్టి, లైటు ఆర్పి వచ్చెయ్యాలి. పొడి కూడా కొట్లో కళ్ళ ముందు ఆడించుకు రావాలి, పీబెర్రీ, ప్లాంటేషన్ సగం సగం, చికోరీ తగ్గించి. పొద్దున మొదటి డికాషన్ మా ఆవిడకి, రెండోది నాకు. ఇన్నేళ్ళలో ఈ వరస మారలేదు.

వేళచ్చేరి కోడలు:
బాబాయి గారూ, పొద్దున ఆ ఫిల్టర్‌లో పిప్పి ఎవరు తీసి కడుగుతారు?

డికాషన్ బాబాయి:
అది ఆవిడ డిపార్ట్‌మెంట్ అమ్మా.

వేళచ్చేరి కోడలు:
అనుకున్నా.

మాంబళం అమ్మాయీ, తిరుక్కడయూరు గురించి ఒక మాట. అక్కడ చేసేవి పెళ్ళి లెక్కతో కాదు, ఆయన వయసు లెక్కతో. మగాయనకి 60 నిండితే షష్టిపూర్తి, 70కి భీమరథ శాంతి, 80 దాటాక వెయ్యి పున్నములు చూసినందుకు సహస్రచంద్ర దర్శనం. ఆవిడకి ఎన్నేళ్ళొచ్చాయో ఎవరూ అడగరు, పక్కన పట్టుచీర కట్టుకుని కూర్చుంటే చాలు. మా మామగారి భీమరథ శాంతికి అందరం వెళ్ళాం. ఇద్దర్నీ పీటల మీద కూర్చోబెట్టి కలశాల నీళ్ళు పోస్తున్నారు, మంత్రాలు, మేళం, మాకందరికీ కళ్ళు చెమర్చాయి. అంత తడిలో మా అత్తగారు తల పైకెత్తి నన్ను రమ్మని సైగ చేశారు. ఆశీర్వాదం కాబోలని వంగాను. "వచ్చేటప్పుడు మోటారు ఆపారా?" అన్నారు చెవిలో. ఆపలేదని నాకు అప్పుడే గుర్తొచ్చింది, కానీ ఆపామనే చెప్పాను, ఆ తంతు సాగాలి కదా. పక్కింటి వాళ్ళకి ఫోన్ చేసి ఆపించాం.

అందుకని చెప్తున్నా, తిరుక్కడయూరు వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి, కానీ 50 ఏళ్ళ పెళ్ళి అనేది ఇద్దరిదీ కాబట్టి దానికి మీ హాలు ప్రోగ్రామే సరి.

అన్నానగర్ అల్లుడు:
క్విజ్ పెట్టండి. మా అత్తామామల 40 ఏళ్ళ పెళ్ళిరోజుకి మేం పెట్టాం, సూపర్ హిట్. ఇద్దర్నీ వీపు వీపు ఆనించి కుర్చీల్లో కూర్చోబెట్టాలి. ఆయన్ని వంటింటి ప్రశ్నలు, ఆవిణ్ణి బ్యాంకు ప్రశ్నలు. కందిపప్పుకి కుక్కర్ ఎన్ని విజిల్స్, ఇంగువ ఏ అరలో ఉంటుంది, గ్యాస్ చివరిసారి ఎప్పుడొచ్చింది, పనమ్మాయి పేరేంటి, ఆమెకి జీతం ఎంత. మా మామగారు ఒక పెద్ద కంపెనీలో కొనుగోళ్ళ విభాగం నడిపిన మనిషి, "పోపుల పెట్టెలో ఏమేం ఉంటాయి" అంటే చాలాసేపు ఆలోచించి "పోపు" అన్నారు. హాలు దద్దరిల్లింది. విజిల్స్ ప్రశ్నకి "ఆవిడ కట్టెయ్యమని అరిచినన్ని" అన్నారు, దానికి మార్కులు ఇచ్చేశాం.

అత్తగారికి మాత్రం పాలసీ ఎప్పుడు తీరుతుందో, లాకర్ తాళం ఎక్కడుందో అన్నీ తెలుసు. ఆ తాళం ఎక్కడుందో మామగారికి అప్పుడే తెలిసింది.

హైకోర్టు ఎదురుగా:
క్విజ్ బావుంది, నవ్వాను కూడా. కానీ ఒక్క నిమిషం లాయరుగిరీ చెయ్యనివ్వండి. ఇలాంటి క్విజ్‌లలో ఆయనకి పోపు తెలియకపోవడం ముద్దుగా ఉంటుంది, ఆవిడకి లాకరు తెలియకపోతే మాత్రం అమాయకురాలు అంటారు. నవ్వు ఎప్పుడూ ఒక వైపే లాభం. అందరూ నవ్వుకుని వెళ్ళాక మర్నాడు పొద్దున పోపు పెట్టేది మళ్ళీ ఆవిడే కదా.

లెక్క కావాలంటే కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వే ఉంది. 2024లో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి పెడుతున్నారు, మగవాళ్ళు 88. అదీ ఇంటిపని చేసే మగవాళ్ళ సగటు, గడప దగ్గరే ఆగిపోయిన వాళ్ళు ఆ 88లో లేరు. 2019 సర్వేలో ఇవే 299, 97. అంటే ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే, మగవాళ్ళు మేమూ తక్కువ తినలేదని తొమ్మిది తగ్గించుకున్నారు.

కోర్టులు కూడా ఊరికే లేవు. 2021 జనవరిలో రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు జడ్జి ఎన్.వి. రమణ, మన తెలుగాయనే, ఇల్లాలి పనికి విలువ కట్టడం ఎందుకు అవసరమో విడిగా రాశారు, అందులో ఆ 2019 సర్వే అంకెలు కూడా ఉన్నాయి. మా మద్రాసు హైకోర్టు 2023 జూన్‌లో ఇంకో అడుగు వేసింది. భర్త గల్ఫ్‌లో సంపాదించాడు, భార్య ఇక్కడ ఇల్లూ పిల్లలూ చూసుకుంది, తర్వాత ఆస్తి దగ్గర పేచీ. ఆమె ఇల్లు చూసుకోబట్టే అతను నిశ్చింతగా సంపాదించగలిగాడు, కాబట్టి ఆ సంపాదనతో కొన్నదాంట్లో ఆమెకీ సమాన వాటా ఉందని జస్టిస్ కృష్ణన్ రామసామి తీర్పిచ్చారు. మీ నాన్నగారి చేత ఈ నాలుగు ముక్కలూ మైకులో చదివించండి, అదీ బహుమతి.

పెరంబూరు పెద్దాయన:
పెళ్ళిరోజు పూట కోర్టు తీర్పులేమిటండీ, మంగళమా అని. మా కాలంలో ఈ నిమిషాల లెక్కలు ఎవరికీ తెలియవు. సంపాదన నాది, ఇల్లు ఆవిడది. 48 ఏళ్ళు హాయిగా గడిచింది. ఎవరూ ఎవర్నీ అడగలేదు, ఎవరూ జవాబు చెప్పుకోలేదు. ఇప్పటి వాళ్ళు ప్రతిదానికీ వాటాలు వేసుకుని ఏడాది తిరక్కుండా విడిపోతున్నారు.

కొత్త కాపురం ఓఎమ్మార్:
అంకుల్, మాకు ఏడాది దాటింది, ఇంకా కలిసే ఉన్నాం :) ఇద్దరం షోళింగనల్లూర్‌లో ఐటీ. ఇంటిపనులకి ఎక్సెల్ షీట్ ఉంది, ఆకుపచ్చ రంగు నాది, నారింజ తనది. గొడవ మాత్రం షీట్‌లో లేని వాటి దగ్గరే వస్తోంది. సింక్ జాలీలో అన్నం మెతుకులు తియ్యడం ఏ రంగు? సబ్బు అయిపోయిందని ముందే చూసుకోవడం ఏ రంగు? పెద్దవాళ్ళు చెప్పండి, షీట్ ఉంచాలా తీసెయ్యాలా?

పెరంబూరు పెద్దాయన:
ఇది ఆయన కాదు, ఆయన భార్యని. ఆయన స్నానానికి వెళ్ళారు, ఫోన్ మంచం మీద పెట్టి వెళ్ళారు, ఇంతసేపూ ఏం టైపు చేస్తున్నారా అని చూశాను.

హాయిగా గడిచింది అని రాశారు కదా. ఎవరికి హాయిగా గడిచిందో కూడా రాయాల్సింది. పెళ్ళయిన కొత్తలో గ్యాస్ కనెక్షన్ కోసం పేరు రాయించి ఏళ్ళ తరబడి ఎదురుచూశాం, అప్పటిదాకా కిరసనాయిలు స్టవ్. ఒత్తులు సర్దడం, పిన్ను పెట్టి పొడవడం, మసి పట్టిన గిన్నెలు బూడిదతో తోమడం, పిండి రుబ్బురోట్లో. ఎవరూ ఎవర్నీ అడగలేదు నిజమే, అడిగే ఓపిక నాకు ఉంటే కదా.

కానీ ఉన్నమాట చెప్పాలి. నీళ్ళు మాత్రం ఆయనే మోశారు. మా వీధిలో చేతిపంపుకి అర్ధరాత్రి దాటాక నీళ్ళొచ్చేవి. వరసలో బిందెలు పెట్టి రాయి గుర్తు పెట్టుకోవాలి, నిద్రపోతే మన బిందె వెనక్కి పోతుంది. ఆయన లుంగీ ఎగ్గట్టి తెల్లవారుజాము దాకా కొట్టి మోసి, మళ్ళీ ఆఫీసుకి వెళ్ళేవారు. ఒక్కరోజు కూడా నన్ను పంపు దగ్గరికి పంపలేదు. 2019లో జోలార్‌పేట నుంచి విల్లివాక్కానికి రైల్లో నీళ్ళు తెచ్చారే, ఆ వేసవి కూడా లారీ హారన్ వినిపిస్తే మోకాళ్ళ నొప్పులతో నాకంటే ముందు కింద ఉండేవారు. కాబట్టి ఆయన్ని మరీ ఏమీ అనకండి.

ఫ్యాను సంగతి ఒకటి ఉంది. మన కృష్ణా నీళ్ళు మద్రాసుకి ఇస్తామని 1983లో తెలుగు గంగ ఒప్పందం రాసుకున్నారు, 1996లో మద్రాసు పక్కన పూండి రిజర్వాయరుకి వచ్చేశాయి. ఈయన హాల్లో ఫ్యాను రెక్కలు తుడుస్తానన్నది మాత్రం ఇంకా దారిలో కండలేరు రిజర్వాయరులోనే ఉంది.

ఆ కొత్త కాపురం అమ్మాయికి (అబ్బాయివా?): షీట్ ఉంచుకో. మాకు లేక కాదు, రాయడానికి అవతలి కాలమ్ ఖాళీ.

పెరంబూరు పెద్దాయన:
నా ఫోన్‌లో ఎవరో రాశారు. ఫ్యాను ఈ ఆదివారం తుడుస్తాను.

అన్నానగర్ అల్లుడు:
పెద్దమ్మ గారికి ఒక విజిల్!

డికాషన్ బాబాయి:
నిన్నట్నుంచీ పిప్పి నేనే తీస్తున్నాను. రికార్డు కోసం చెప్తున్నా. మా ఆవిడ ఏమైందని అడిగింది, డాక్టరు చెప్పాడన్నాను.

వేళచ్చేరి కోడలు:
:)) బాబాయి గారూ మీరు దేవుడు.

కొత్త కాపురం, నీ ప్రశ్న మంచిది. చెయ్యడం వేరు, దాన్ని బుర్రలో పెట్టుకుని తిరగడం వేరు. మా ఆయన కూరగాయలు తెస్తారు, కాదనను. కానీ కొట్టు నుంచి ఫోను. బెండకాయ లేతవి ఎలా తెలుస్తాయి, కొత్తిమీర తెమ్మన్నావా పుదీనా తెమ్మన్నావా, చిన్న ఉల్లి అంటే సాంబారువేనా, కరివేపాకు ఊరికే ఇస్తాడా అడగాలా. ఆ ఫోన్ ఎత్తడానికి నేను స్టవ్ కట్టేసి చెయ్యి తుడుచుకోవాలి. ఆ పూట కూరగాయలు తెచ్చింది ఎవరు? మీ షీట్‌లో ఏ పని ఎవరిదైతే దాన్ని గుర్తుపెట్టుకోవడం కూడా వాళ్ళదే అని మొదటి వరసలో రాసుకోండి. మేం ఈ మధ్య అలాగే పెట్టాం. మొదటి వారం ఇంట్లో ఉల్లిపాయలు లేవు. నేను నోరు మూసుకుని ఉల్లి లేని సాంబారు పెట్టాను. రెండో వారం నుంచి ఫోన్లు లేవు.

హైకోర్టు ఎదురుగా:
ఆ నోరు మూసుకోవడమే అసలు కష్టం. మా ఇంట్లో నా వల్ల కాలేదు.

మాంబళం అమ్మాయి:
ఇంతమంది రాస్తారనుకోలేదు, థాంక్యూ అందరికీ. నిన్న అమ్మని తిన్నగా అడిగేశాను. అమ్మా, స్టేజీ మీద నీకు అవార్డు ఇస్తాం, "ఇంటికి దీపం" లాంటిది, బావుంటుందా అని. "ఆ షీల్డు తుడిచేది కూడా నేనే కదా, వద్దు" అంది. మరేం కావాలే అంటే చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "మీ నాన్నని గ్రైండరు కడగమను, చాలు" అంది.

గ్రైండరు ఉన్నవాళ్ళకి అర్థమవుతుంది. రుబ్బడం మిషను చేస్తుంది, పేరంతా దానిదే. కోయంబత్తూరు వెట్ గ్రైండరుకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చేది) కూడా ఉంది. కడిగేవాళ్ళకి ఏ గుర్తింపూ లేదు. పిండి తీశాక రాళ్ళు ఊడదీయాలి, రాయికీ ఇరుసుకీ మధ్య సందులో మినప్పిండి బంకలా పట్టి ఉంటుంది, వేలు దూరదు, బ్రష్షు దూరితే తిరగదు. డ్రమ్ము అడుగున రాయి, ఒంటిచేత్తో ఎత్తలేం. ఒక చెంబు నీళ్ళు పోసి నిమిషం తిప్పితే ఆ తెల్లనీళ్ళు అమ్మ పారబొయ్యదు, కొంత దోసెల పిండిలోకి, మిగతాది కరివేపాకు కుండీకి. అంతా అయ్యాక బోర్లించి ఆరబెట్టాలి, లేకపోతే మర్నాటికి వాసన. అమ్మకి భుజం నొప్పి మొదలయ్యాక కూడా వారానికి రెండుసార్లు ఇదే. ఇడ్లీ బావుందా పులిసిందా అని మాత్రం మేమందరం తీర్పులిస్తాం.

తమ్ముడు అన్నాడు, నాన్న రైల్వే మనిషి, ఏ పనైనా కాగితం మీద పెడితే కాదనడు, కాగితం లేకపోతే దేవుడు చెప్పినా వినడు. అందుకని అమ్మ నాన్నకి గ్రైండరు "చార్జి" అప్పగిస్తున్నట్టు స్టేజీ మీద ఒక మెమో చదివితే? ఆఫీసు భాష తెలిసినవాళ్ళు ఎవరైనా రాసిపెడతారా?

రిటైర్డ్ సూపరింటెండెంట్:
నన్నే పిలిచినట్టుంది. రోజూ చదువుతున్నా, రాయలేదు. ముప్పై ఏళ్ళు ఇదే పని చేశాను కాబట్టి తీసుకోండి:

"విషయం: గృహమునందలి పిండి రుబ్బు శాఖ చార్జి అప్పగింత గురించి. 1976 మే నెల నుండి రుబ్బురోలుతో ప్రారంభించి, తదుపరి వెట్ గ్రైండరుతో, సెలవు, జీతము, పదోన్నతి ఏమియు లేకుండ సదరు శాఖను నిర్వహించిన శ్రీమతి గారు నేటి మధ్యాహ్న భోజనానంతరము చార్జిని శ్రీవారికి అప్పగించుచున్నారు. అప్పగించిన సామగ్రి: గ్రైండరు ఒకటి, రాళ్ళు పూర్తి సెట్టు, ప్లాస్టిక్ పలక ఒకటి (అంచు విరిగినది), పిండి గిన్నెలు రెండు, మూత ఒకటి. రెండవ మూత పక్కింటిలో ఉన్నది, రాబట్టుకొనవలసిన బాధ్యత కొత్తగా చార్జి తీసుకొనువారిదే. పప్పు నానబెట్టుట కూడ ఈ శాఖ పరిధిలోనిదే, 'నాకెవరూ చెప్పలేదు' అను సంజాయిషీ అంగీకరింపబడదు. కడిగిన పిమ్మట సింకు కడుగుట కూడ కడుగుటలో భాగమే. చార్జి ఇచ్చినవారు పని జరుగు సమయమున వంటింటి గుమ్మమున నిలబడి పర్యవేక్షింపరాదు, నిట్టూర్పు విడువరాదు, తిరిగి కడుగరాదు. ఈ ఉత్తర్వులు తక్షణమే అమలులోకి వచ్చును."

కింద ఇద్దరి సంతకాలు, సాక్షిగా మీ తమ్ముడు. కాపీ టు: పక్కింటివారు. రౌండ్ స్టాంపు లేకపోతే ఎవరూ నమ్మరు, బంగాళాదుంప సగానికి కోసి చెక్కుకోండి.

వేళచ్చేరి కోడలు:
"తిరిగి కడుగరాదు"!! అయ్యో సార్, మా ఇంట్లో అది ముందు నాకు వర్తిస్తుంది.

అన్నానగర్ అల్లుడు:
నిట్టూర్పు విడువరాదు అనేది గోడ మీద రాయించుకుంటా.

కొత్త కాపురం ఓఎమ్మార్:
ఎక్సెల్ డిలీట్ చేసి ఇదే వాడుకుంటాం. (అబ్బాయినే అంటీ.)

డికాషన్ బాబాయి:
భోజనం సంగతి కూడా చూసుకోండి. వంట వాళ్ళకి ఇచ్చినా ఉప్పు చూడమ్మా అని ప్రతి గంగాళం దగ్గరికీ మీ అమ్మనే పిలుస్తారు, ఆవిడా వెళ్ళిపోతుంది. ఆ పూట ఉప్పు మీ పిన్నికో మేనత్తకో అప్పగించండి. పూర్ణం బూరెలు, గోంగూర పచ్చడి ఉంటే మనవాళ్ళు ఇంకేమీ అడగరు, అరవ చుట్టాలకి సాంబారు తర్వాత రసం మర్చిపోకండి.

మాంబళం అమ్మాయి:
అయిపోయింది! ఆలస్యంగా రాస్తున్నా, ఇల్లు నిండా చుట్టాలు.

క్విజ్ కూడా పెట్టాం, ఇద్దరికీ ఒకే ప్రశ్నలు. నాన్నకి విజిల్స్ తెలుసు! అమ్మే ఆశ్చర్యపోయింది. రోజూ హాల్లో పేపరు చదువుతూ లెక్కపెడతారట. మరి కట్టెయ్యరేం అంటే "నాకు అధికారం లేదు" అన్నారు. అమ్మకి మోటారు ఎన్ని నిమిషాలకి ట్యాంకు నింపుతుందో తెలియదు, అది ఒక్కటే తప్పింది, నాన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తర్వాత తమ్ముడు మెమో చదివాడు. మొదటి వాక్యానికే హాలంతా గొల్లుమంది, కానీ "సెలవు, జీతము, పదోన్నతి ఏమియు లేకుండ" దగ్గరికొచ్చేసరికి మా పెద్దత్త ఒక్కరే గట్టిగా "అవును" అన్నారు, ఆ తర్వాత ఇంకొందరు ఆడవాళ్ళు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని కాగితం పూర్తిగా చదివి, రెండో మూత పక్కింట్లో ఉన్నట్టు ఆధారం ఏమిటని అడిగి, పక్కింటావిడ ఒప్పుకున్నాకే సంతకం చేశారు. ఎప్పటిలాగే తేదీ వేసి. బంగాళాదుంప స్టాంపు కొంచెం పాకింది. మా బాబాయి ఒకాయన "మగాడి చేత గ్రైండరు కడిగిస్తారా" అని గొణిగారు, ఆయన ఇలాంటివన్నీ గొణుగుతూనే ఉంటారు, వదిలెయ్యండి. లాయరు గారు చెప్పిన సర్వే అంకెలు కూడా నాన్న చేతే చదివించాం. 88 అని చదివి ఆగి, "నేను పాలకి పోయి రావడం ఇందులో వస్తుందా" అని అడిగారు.

అసలు కథ శనివారం. నాన్న బనీను, లుంగీ, చెవిలో రేడియో పెట్టుకుని దిగారు. గంటకి దగ్గర పట్టింది. ఇరుసు సందుకి పళ్ళ బ్రష్షు దూరడం లేదని పాత గొడుగు పుల్ల ఒకటి వంచి, కొసకి గుడ్డ చుట్టి తయారుచేశారు, నిజం చెప్పాలంటే ఇన్నేళ్ళలో మాకెవరికీ తట్టలేదు. అమ్మ గుమ్మం దగ్గరికి రాలేదు, మెమో ప్రకారం. హాల్లో కూర్చుని అద్దంలోంచి చూస్తోంది. అద్దం గురించి మెమోలో లేదంది.

రిటైర్డ్ సూపరింటెండెంట్:
సవరణ ఉత్తర్వులు వెలువరించాలి.

వేళచ్చేరి కోడలు:
గొడుగు పుల్ల ఫోటో పెట్టగలరా? ఎంత పొడుగు వంచారు, గుడ్డ దేంతో కట్టారు? మా గ్రైండరు కూడా అదే రకం.

పెరంబూరు పెద్దాయన:
ఇది మళ్ళీ నేనే, ఆయన కాదు. అభినందనలమ్మా. మాకు ఇంకో రెండేళ్ళు ఉంది, మెమో ఇప్పుడే రాయించుకోవచ్చా, 50 నిండేదాకా ఆగాలా?

రిటైర్డ్ సూపరింటెండెంట్:
ఆగనక్కర్లేదమ్మా. వెనకటి తేదీతో కూడా ఇవ్వొచ్చు. ఏ శాఖో చెప్పండి, రాత్రికి రాసి పెడతాను.

మాంబళం అమ్మాయి:
గొడుగు పుల్ల జానెడు కంటే కొంచెం ఎక్కువ, ఒక కొస కొక్కెంలా వంచారు, గుడ్డకి ట్వైన్ దారం. దారం తడిస్తే వదులవుతోందని రబ్బరు బ్యాండుకి మారుస్తానంటున్నారు, మార్చాక ఫోటో పెడతా.